పాస్టరు గారి బుద్ధమందిరం

ఇన్జే, డివిజన్ ప్రధాన స్థావరం
ఏప్రిల్ మొదటివారం

అక్కా,

మీ విహారంలో అందరూ నిన్ను హేవోన్ గారూ అంటారని తెలుసు. నాకా పేరుకి నోరు తిరగదు. అక్కా అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ఒక చిక్కులో పడ్డాను. మా డివిజన్లో సైనికులకి మతగురువులం ముగ్గురం కదా. చర్చి నాది, కథోలిక మందిరం ఫాదర్ నంగుంగ్‌ది, బుద్ధమందిరం ఉన్జో భిక్షువుది. హోదాలో పెద్దవాణ్ణి కాబట్టి ప్రధాన గురువు పదవి నాకు కట్టబెట్టారు. చర్చి పాస్టరుగా ఉండటం సుఖం. ప్రధాన గురువుగా ఉండటం అంటే, మిగతా ఇద్దరి మందిరాల్లో పొయ్యికి బొగ్గుందా, పైకప్పు కారుతోందా, వాళ్ళ కుర్రాళ్ళని ఆదివారం పూట ఏ సార్జెంటైనా గుంటలు తవ్వడానికి లాక్కుపోయాడా అని చూసుకోవడం. జనరల్ గారు ఎవరినైనా మరీ గట్టిగా తిట్టినప్పుడు, వెళ్ళి ఆయనకి మెల్లగా చెప్పి రావడం కూడా నా పనే.

పోయిన శనివారం ఆఫీసర్లతో కాళ్ళ వాలీబాల్ ఆడాం. నేను తన్నిన బంతి కాస్త వంకర పోయింది. దాన్ని అందుకోబోయి ఉన్జో మంచు కరిగిన బురదలో జారాడు. కాలు రెండుచోట్ల విరిగింది. పాస్టరు ఒక్క తన్నుతో డివిజన్లోంచి బౌద్ధాన్ని తరిమేశాడని ఫాదర్ నంగుంగ్ కనబడ్డ ప్రతివాడికీ చెబుతున్నాడు.

ఉన్జో వేసవి దాకా ఆసుపత్రిలోనే ఉంటాడు. స్ట్రెచరు మీద పడుకునే మందిరం తాళంచెవి నా చేతిలో పెట్టి, తలుపులు మాత్రం మూయొద్దన్నాడు. ఇంకొకర్ని పంపమని పైవాళ్ళకి రాస్తే, బుద్ధ జయంతి దగ్గరపడుతోంది, అది అయ్యేదాకా ఎవరూ ఖాళీగా లేరన్నారు. అంచేత ఈ ఆదివారం నుంచి బుద్ధమందిరం తెరిచేది నేను. లోపల ఏం చేయాలో, ఏం చేయకూడదో రాయి. బుద్ధుడికి దండం పెట్టాలా? పెట్టకపోతే కుర్రాళ్ళు బాధపడతారా?

అమ్మకి ఇదేమీ చెప్పలేదు. నువ్వు గుండు చేయించుకున్నప్పటి నుంచీ నీ మాట వస్తే చాలు, ఎండేసిన చేపలు తిరగేసి వస్తానని దుకాణం వెనక్కి వెళ్ళిపోతుందని నీకు తెలిసిందే. మనం ఉత్తరాలు రాసుకుంటామని తెలిస్తే నేనూ ఆ చేపల పక్కన ఎండాలి.

తమ్ముడు
గివుంగ్

*

చోంగ్దో కొండలు
ఏప్రిల్ మధ్యలో

కాళ్ళు విరగ్గొట్టే పాస్టరు గారికి,

నీ ఉత్తరం వంటింట్లో అందరికీ చదివి వినిపించాను. మా విహారాన్ని నడిపే పెద్దమ్మ నవ్వాపుకోలేక చేతిలో టీ ఒళ్ళో పోసుకుంది. విరిగిన కాలి కోసం ఆ సాయంత్రం ప్రార్థన కూడా చేయించింది. తన్నిన కాలి కోసం కూడా చేద్దామా అని అడిగితే, దాని పాపం దానిదే అంది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మధ్య తలుపులోంచి లోపలికి వెళ్ళకు, పక్క తలుపులోంచి వెళ్ళు. ప్రధాన గురువునని మధ్యలోంచి దూసుకుపోతే బుద్ధుడేమీ అనుకోడు గాని ముసలి సార్జెంట్లు అనుకుంటారు. పొద్దున్నే పాత నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పెట్టు. ఒక అగరొత్తి చాలు, గుత్తులు వెలిగించి కుర్రాళ్ళని దగ్గించకు. దండం సంగతి నీ మనసు. ఎవరింటికైనా వెళితే ఆ ఇంటి పెద్దకి తల వంచుతావుగా, అంత చేసినా ఎవరూ తప్పు పట్టరు.

అన్నిటికంటే ముఖ్యం, ప్రసంగం చెయ్యకు. నీకది ఎంత కష్టమో నాకు తెలుసు. ఏడేళ్ళప్పుడు మన పుంజు చచ్చిపోతే దాన్ని పాతిపెట్టకుండా మధ్యాహ్నం దాకా ప్రసంగం చేసినవాడివి. ఊరికే కూర్చో. వాళ్ళు కూర్చున్నంతసేపూ కూర్చో. చాలామంది దేవుడి కోసం రారు, ఎవరూ తమని పనికి పిలవని చోటు కోసం వస్తారు.

అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఆ ఒక్క ముక్క రాయడం మర్చిపోయావు.

అక్క

*

ఇన్జే
ఏప్రిల్ చివర

అక్కా,

అమ్మ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. మెట్లెక్కుతుంది, దిగేటప్పుడు తిడుతుంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటి ఆదివారం పొద్దున చర్చిలో ప్రార్థన ముగించి, ఉరుకుల మీద బుద్ధమందిరానికి వెళ్ళి, పక్క తలుపులోంచి లోపలికి పోయి కూర్చున్నాను. వచ్చినవాళ్ళు నన్ను చూసి, తప్పు గుమ్మం ఎక్కామనుకుని మళ్ళీ బూట్లు వేసుకోబోయారు. లోపలికి రమ్మని చెయ్యి ఊపాను. అరగంట నోరు విప్పకుండా కూర్చున్నానంటే నమ్ము. చివర్లో ఒక కార్పొరల్ వచ్చి, చాకోపైలు, అవే ఆ చాక్లెట్ కేకులు, ఇస్తారా లేదా అని అడిగాడు. ఉన్జో ఇచ్చేవాడట. చర్చికి తెచ్చిన పెట్టెలోంచి సగం తెచ్చి పంచాను.

దాంతో గొడవ మొదలైంది. మా చర్చిలో ప్యో గారని ఒకావిడ ఉంది, ఒక కల్నల్ భార్య. మంచిదే, కాకపోతే అన్నీ ఆవిడకి తెలిసి జరగాలి. యేసు ప్రభువు పేరు మీద కొన్నవి బుద్ధుడి ముందు పంచుతారా అని నిలదీసింది. తిన్నది బుద్ధుడు కాదు, పంతొమ్మిదేళ్ళ పిల్లలు అన్నాను. ఒప్పుకోలేదు గాని మరుసటి వారం రెండు పెట్టెలు తెచ్చి, ఏది ఎక్కడికో నన్ను అడగొద్దని చెప్పి వెళ్ళింది.

ఇప్పుడు అసలు సంగతి. తాక్ ఉన్హో అని ఒక కుర్రాడున్నాడు. సరిహద్దు కాపలా కంపెనీ వాడు. తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మే పెంచింది. మార్చి చివర్లో ఆవిడ పోయింది. అప్పుడు వాడు కొండ మీద కాపలాలో ఉన్నాడు, దారంతా మంచు. కబురు అందేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. అప్పటి నుంచి వాడు సరిగా తినడు, ఎవరితోనూ మాట్లాడడు. చెప్పిన పనల్లా చేస్తాడు, అదే భయంగా ఉంది. ఆదివారం వచ్చి అందరూ వెళ్ళిపోయాక కూడా కూర్చునే ఉంటాడు. నేనూ కూర్చుంటాను.

వాళ్ళ కంపెనీ కెప్టెన్ వాడి తుపాకీ తీసేసుకున్నాడు. అది సరైన పనే. వాడిని మానసిక రోగుల వార్డుకి పంపేస్తానని కూడా అంటున్నాడు. అక్కడికి పంపితే వాడు ఇంకా లోపలికి ముడుచుకుపోతాడని నా భయం. ఒంటరిగా ఊరికి పంపుదామంటే ఎవరికీ ధైర్యం లేదు, పైగా సెలవులన్నీ ఆపేశారు. పోయిన ఆదివారం వాడు మొదటిసారి నోరు తెరిచాడు.

"నాయనమ్మకి నలభై తొమ్మిదో రోజు కర్మ ఎవరు చేస్తారు సార్? మా ఊళ్ళో ఎవరూ లేరు."

అంతే.

నేను జనరల్ గారి దగ్గరికి వెళ్ళాను. వాడిని వార్డుకి పంపొద్దు, ఆ కర్మ జరిగేదాకా నా దగ్గర, గురువుల గదుల్లో ఉంచుకుంటాను, డాక్టరు రోజూ చూస్తాడు అని చెప్పాను. వాడికేమైనా అయితే ఎవరిది బాధ్యత అన్నారు. నాదే అన్నాను. ఆయన సరేనన్నారు.

ఇప్పుడు వాడు నా పక్క గదిలో ఉన్నాడు. చుట్టుపక్కల డివిజన్లలోని భిక్షువులందరినీ అడిగాను. ఆ రోజు బుద్ధ జయంతికి సరిగ్గా ముందు పడింది, ఎవరూ కదల్లేరు. మీకూ అదే తీరిక లేని సమయమని తెలుసు. అయినా అడుగుతున్నాను. నువ్వు రాగలవా?

గివుంగ్

*

చోంగ్దో కొండలు
మే మొదట్లో

తమ్ముడూ,

వస్తాను. పెద్దమ్మని అడిగాను. దీపాలు కట్టడానికి చేతులు చాలడం లేదని అప్పటిదాకా నన్నే సతాయిస్తోంది. నీ ఉత్తరం చదివాక, దీపాలు మేం కట్టుకుంటాం, నువ్వు ఆ పిల్లాడి దగ్గరికి పో అంది.

ఉన్హోని వాళ్ళ నాయనమ్మ పేరు, ఊరు, ఆవిడకి ఇష్టమైన తిండి అడిగి రాయి. నీకు కావాలని కాదు, వాడు చెప్పాలని. అన్నం, కూరలు, పళ్ళు, అట్లు సిద్ధం చెయ్యాలి. మాంసం, చేప, వెల్లుల్లి వద్దు. మరదలు పిల్లల చదువులకని సియోల్లోనే ఉంది కాబట్టి వంట నువ్వే చేస్తావని ఊహించుకుని ఇప్పటి నుంచే జాలిపడుతున్నాను.

అయితే ఒక షరతు. అమ్మకి చెప్పు. నువ్వుండే స్థావరానికి నేను దొంగచాటుగా వచ్చి దొంగచాటుగా పోను. ఆవిడ కోప్పడితే కోప్పడనీ. తరవాతెప్పుడో వేరేవాళ్ళ నోట వింటే కోపం కాదు, కష్టం కలుగుతుంది.

నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది ఒకటుంది. మా విహారానికి నెలకోసారి ఒక ఫోను వస్తుంది. వంట చూసే ఆవిడ ఎత్తుతుంది. అవతల ఎవరూ మాట్లాడరు. వెనకాల బేరాలు, తక్కెడ గిన్నెల చప్పుడు. కాసేపుండి పెట్టేస్తారు. రెండేళ్ళ కిందట నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా వచ్చింది. మా వంటావిడ, హేవోన్ గారు జ్వరంతో పడుకున్నారు అని ఆ మాట్లాడని ఫోనులోకే చెప్పింది. మర్నాడు మళ్ళీ మోగింది. తగ్గిందండీ, గంజి తాగారు అంది. పెట్టేశారు. ఆ తరవాత నెలదాకా రాలేదు.

అందుకని చెబుతున్నాను. ఆవిడకి చెప్పు.

అక్క

*

ఇన్జే
మే, హడావిడిలో

అక్కా,

ఆ ఫోను సంగతి చదివాను. ఆ తక్కెడ చప్పుడు ఎక్కడున్నా గుర్తుపడతాను.

ఉన్హోని అడిగాను. వాళ్ళ నాయనమ్మ పేరు మేంగ్ సున్‌బున్, ఊరు జోంగ్సొన్ దగ్గర కొండల్లో. బంగాళాదుంప అట్లంటే ప్రాణమట. ఆ ఒక్క ముక్క చెప్పి ఆపుతాడనుకున్నాను. దుంపలు ఎలా తురమాలి, నీళ్ళు ఎలా వంచాలి, అడుగున పేరుకున్న పిండి పారబొయ్యకూడదు అంటూ మొదలుపెట్టి రాత్రి భోజనం బూరా ఊదేదాకా చెప్పాడు. నేను రాసుకోలేదు, మర్చిపోతే మళ్ళీ అడగొచ్చని.

వంటకి ఫాదర్ నంగుంగ్ సాయం వస్తానన్నాడు. గుమ్మడికాయ తరగమంటే వేలు తరుక్కున్నాడు. ఇప్పుడు ముగ్గురు గురువుల్లో ఏ దెబ్బా తగలనివాణ్ణి నేనొక్కణ్ణే.

జనరల్ గారి దగ్గర నీకు అనుమతి తీసుకున్నాను. ఆ అనుమతి పత్రంలో పౌర గురువు పేరు, బంధుత్వం అని రెండు గళ్ళున్నాయి. నీ పేరు రాసి, అక్క అని రాశాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. మీ ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన ఎవరు చేసేవారు అని అడిగారు. అమ్మ అన్నాను. సంతకం పెట్టారు.

హోంగ్చోన్‌లో బస్సు దిగగానే ఫాదర్ నంగుంగ్ జీపులో నీకోసం ఉంటాడు. వేలికి కట్టు ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక.

అమ్మ సంగతి నేను చూసుకుంటాను.

గివుంగ్

*

ఇన్జే
మే ఆఖరు

అక్కా,

చెప్పలేదు. ముందు ఆ మాట ఒప్పుకుని మిగతాది రాస్తాను. అమ్మకి మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ చేపల ధర అడిగి పెట్టేశాను.

నువ్వు లోపల ఉన్నావు కాబట్టి బయట ఏం జరిగిందో నీకు తెలియదు. బస్సు టైమయిపోతోందని నిన్నూ అమ్మనీ జీపెక్కించేశాను గాని, ఇది నీకు చెప్పాల్సింది.

నువ్వు రాగం తీసి సూత్రపాఠం మొదలుపెట్టావు, ఉన్హో సాష్టాంగపడి లేస్తున్నాడు. గేటు దగ్గర టాక్సీ ఆగింది. అమ్మ దిగింది. ఆదివారం వేసుకునే గౌను, టోపీ, చేతిలో బైబిలు సంచి. ఆవిడ వెనకాలే ప్యో గారు. పాస్టరు గారి అక్కట, సన్యాసినట, బుద్ధమందిరంలో కర్మ చేయిస్తుందట అని ముందురోజు ప్యో గారు యోసులో అమ్మ దుకాణానికి ఫోను చేసి చెప్పేసింది. అమ్మ రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చింది.

నేను వెళ్ళి మెట్ల మీద అడ్డంగా నిలబడ్డాను. ఇంత వయసొచ్చింది, ఆవిడకి అడ్డం నిలబడటం అదే మొదలు.

"అమ్మా, లోపల ఒక కుర్రాడు వాళ్ళ నాయనమ్మని సాగనంపుతున్నాడు. అది అయ్యాక నన్ను ఏమన్నా అను. ఇప్పుడు మాత్రం వద్దు."

ఏదో అనబోయింది. అప్పుడే లోపల నీ గొంతు పైకి లేచింది. అమ్మ తల పక్కకి వంచి వింది. మన ఊరి చర్చిలో పిల్లల పాటల బృందాన్ని నడిపించేటప్పుడు ఒక్కొక్క గొంతునీ అలాగే వినేది, గుర్తుందా? నిన్ను ముందు వరసలో నిలబెట్టుకునేది.

చాలాసేపటికి, "ఊపిరి సరైన చోటే తీస్తోంది," అంది. ఎవరితో అందో తెలియదు. వెళ్ళి రాతి మెట్టు మీద కూర్చుంది. ప్యో గారు కూడా ఏం చేయాలో తోచక పక్కన కూర్చుంది. చివరిదాకా ఇద్దరూ కదల్లేదు.

తరవాత పెరట్లో నాయనమ్మ పేరు రాసిన కాగితం కాల్చడం నువ్వే చేయించావు, వాడు బావురుమనడం నువ్వూ చూశావు. నువ్వు మందిరం సర్దడానికి లోపలికి వెళ్ళాక అమ్మ లేచి వాడి దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. పళ్ళెంలో అన్నం, అట్లు పెట్టింది. ఒక ముక్క తను నోట్లో వేసుకుని, ఉప్పు చాలలేదు, ఎవడు వండాడిది అంది. ఫాదర్ నంగుంగ్ నన్ను చూపించాడు.

ఉన్హో కళ్ళు తుడుచుకుని ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. పోలిక కనిపెట్టాడేమో.

"మీరు ఆ సన్యాసిని గారి అమ్మగారా?" అని అడిగాడు.

"అవును, నా కూతురే. తిను," అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు. నువ్వు అక్కడ లేవని రాస్తున్నాను.

వాడు తిన్నాడు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఈ రెండు వారాల్లో మొహం కాస్త నిండింది. డాక్టరు చూసి, జనరల్ గారు చూసి, సోమవారం నుంచి వాడిని కంపెనీకి పంపుతున్నారు. ముందు వంటశాలలో పని, తుపాకీ సంగతి తరవాత. నేనే అలా కోరాను. నిన్న నేను మందిరంలో చెక్కగంట కొడుతుంటే వచ్చి నిలబడి, సార్, మీరు తలుపు కొట్టినట్టు కొడుతున్నారు, లోపల ఎవరూ తియ్యరు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను గంట పక్కన పెట్టి బయటికి వచ్చి కాసేపు ఎండలో నిలబడ్డాను.

ప్యో గారితో అమ్మ ఏమందో తెలుసా? ఫోను చేసి మేలు చేశావమ్మా, ఈ వెధవని నమ్ముకుంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు అంది. ప్యో గారు అప్పటి నుంచి నన్ను చూస్తే తల ఎగరేస్తోంది.

మీరిద్దరూ ఒకే బస్సు ఎక్కారని ఫాదర్ చెప్పాడు. పక్కపక్కన కూర్చున్నారా? ఏం మాట్లాడుకున్నారు? అమ్మని అడిగితే చేపల ధర చెబుతోంది.

గివుంగ్

*

చోంగ్దో కొండలు
జూన్

అబద్ధాల పాస్టరు గారికి,

ఆ "అవును" అన్న మాట నువ్వు రాసినచోట ఎన్నిసార్లు చదివానో చెప్పను. నీ మీద కోపం అక్కడితో చల్లారింది. మిగిలింది కొంచెమే, అది ఎదురుపడ్డప్పుడు తీర్చుకుంటాను.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. వేరే సీట్లు లేవు. ఊరు దాటేదాకా ఆవిడ కిటికీలోంచి, నేను ముందుకి చూస్తూ కూర్చున్నాం. కొండదారి మలుపుల్లో ఆవిడ నా మీదికి ఒరిగేది, సారీ చెప్పకుండా సర్దుకునేది. మూడో మలుపుకి సర్దుకోవడం మానేసింది. ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తి నా గుండు మీద పెట్టింది. సంతలో పుచ్చకాయని చూసినట్టు అటూ ఇటూ తడిమింది.

"చలికి నొప్పి పుట్టదా?" అంది.

టోపీ పెట్టుకుంటామని చెప్పాను. ఎవరు అల్లుతారంది. మేమే అన్నాను. కుట్టు ఎలా ఉంటుందో చూడాలంది. తరవాత దిగేదాకా నిద్రపోయింది. తల నా భుజం మీదే ఉంది.

బస్టాండులో ఆవిడ యోసు బస్సు వైపు, నేను తేగు బస్సు వైపు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. ఆ రెండో పాటలో తొందరపడ్డావు, అలా పరిగెత్తితే వినేవాళ్ళు వెనకబడిపోతారు అంది. ఎలా పాడాలమ్మా అని అడిగాను. ఇక్కడ జనంలో ఎలా చెబుతాను, వచ్చి చెబుతాను అంది.

వచ్చింది. నాలుగు రోజులైంది. ఒక మూట ఉన్ని దారం తెచ్చింది. మా టోపీలన్నీ తిరగేసి, ఇవి టోపీలా, చేపల వలలా అంది. ఇప్పుడు సాయంత్రాలు మా పడుచు సన్యాసినులందరూ ఆవిడ చుట్టూ కూర్చుని అల్లిక నేర్చుకుంటున్నారు. మందిరంలోకి అడుగుపెట్టదు. పిలవలేదు, పిలవం కూడా.

తెల్లవారుజామున మేం లోపల పాఠం చదువుకునేటప్పుడు ఆవిడ వసారాలో కూర్చుని తన ప్రార్థన చేసుకుంటుంది. ఆవిడ ప్రార్థన ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు, పక్క కొండకి వినిపిస్తుంది. మొదటిరోజు మా వాళ్ళు సగం పాఠం మర్చిపోయారు. నాకు సిగ్గేసి, ఆవిణ్ణి కాస్త దిగువ గదిలోకి మార్చనా అని పెద్దమ్మని అడిగాను.

"మీ తమ్ముడు అంత సైన్యంలో రోజూ చేసే పని, మనం నాలుగు రోజులు చెయ్యలేమా?" అంది పెద్దమ్మ. మర్నాటి నుంచి మా పాఠం ముందు జరిపించింది. అది అయ్యాక అందరినీ వసారాలోకి పంపి, అమ్మ వెనకాల కూర్చోమంది. అమ్మకి ఒక మెత్త వేయించింది.

ఈ పొద్దున అమ్మ కళ్ళు మూసుకుని, ప్రభువా, ఈ కొండ మీద ఇంతమంది ఆడపిల్లలు, ఒక్కదానికీ జుట్టు లేదు, గాలి చూస్తే ఇలా ఉంది, వీళ్ళని జలుబు చెయ్యకుండా చూసుకో, అందులో మా పెద్దది చిన్నప్పటి నుంచీ గొంతు పట్టే మనిషి, దాన్ని ఇంకాస్త చూసుకో అని వేడుకుంది. అయ్యాక ఏమనాలో తెలియక మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను తల పైకెత్తలేదు, ఎత్తే స్థితిలో లేను.

అందరికంటే ముందు పెద్దమ్మే, చేతులు జోడించి, ఆమెన్ అంది.

అక్క